జేడ్ లాకెట్‌ని వెనక్కి తిప్పి చూడండి

మా మనవరాలు మెడలో కొత్త లాకెట్ వేసుకొచ్చింది. ఆకుపచ్చ రాతిలో చెక్కిన వినాయకుడు. "జేడ్ అట తాతయ్యా, చెక్కడం బాగుందో లేదో చెప్పు" అంది. తీసి ఇమ్మని, అందుకోగానే వెనక్కి తిప్పాను. "బొమ్మ ఇటుంటే అటు చూస్తావేంటి?" అని నవ్వింది. బొమ్మ ముందే ఉంటుందమ్మా. పనితనం మాత్రం వెనకవైపు, పక్కల్లో, గాడుల అడుగున ఉంటుంది. ఎందుకో చెబుతాను, మీరూ వినండి.

ముందు రాయి సంగతి. జేడ్ పేరుతో చలామణీ అయ్యేవి రెండు వేరువేరు రాళ్ళు: నెఫ్రైట్, జేడైట్. రెండూ ఒకటి కాదని 1863లో తేల్చినవాడు అలెక్సిస్ దామూర్ అనే ఫ్రెంచి ఖనిజ శాస్త్రవేత్త. మొదటిదాంట్లో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి; రెండోదాంట్లో సోడియం, అల్యూమినియం. మేలిరకం జేడైట్‌కి పుట్టిల్లు బర్మా ఉత్తర కొసన, కచిన్ కొండల్లోని ఫాకాంత్ గనులు. బర్మా మన విశాఖవాళ్ళకి కొత్త పేరేమీ కాదు. అక్కణ్ణించి కట్టుబట్టలతో తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు స్థిరపడబట్టే కంచరపాలెం దగ్గర ఒక పేటకి బర్మా క్యాంపు అని పేరొచ్చింది.

నెఫ్రైట్ అంటే మొఘలులకి ప్రాణం. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ గది తప్పకుండా చూడండి. జహంగీరు బాకు, నూర్జహాన్ పళ్ళు కోసుకునే కత్తి అక్కడ ఉన్నాయి. షాజహాన్ కోసం 1657లో తెల్ల నెఫ్రైట్‌తో చేసిన మధుపాత్ర లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాని ఒక కొస మేకతలగా వంపు తిరుగుతుంది. రాతిని అంత పల్చగా, అంత వంపుగా తీసినా పగలలేదంటే కారణం రాతి లోపలి అల్లికే.

నెఫ్రైట్‌లో కంటికి కనపడనంత సన్నటి పోగులు, కొబ్బరి డొక్కలో పీచులాగా, ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. పగులు ఒక పోగు దాటగానే ఇంకొకటి అడ్డం తగులుతుంది. జేడైట్‌లో పోగుల బదులు గింజలుంటాయి, అవీ గట్టిగా పెనవేసుకునే ఉంటాయి. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు అని గుర్తుపెట్టుకోండి. వజ్రాన్ని మించి గీసే రాయి లేదు, అయినా సుత్తిదెబ్బకి ముక్కలవుతుంది. జేడ్ కాఠిన్యం 6 నుంచి 7 లోపే, కానీ సుత్తికి ఒక పట్టాన లొంగదు. ఉలికీ అంతే. అందుకే జేడ్‌ని ఎవరూ ఉలితో చెక్కరు. చెక్కడం అని మాటవరసకి అంటామేగానీ, జరిగేదంతా అరగదీయడమే.

దేనితో అరగదీసేవారు? ఇసుకతో! ఇది చెప్పాలంటే నాకు మహా హుషారు, ఎందుకంటే ఆ ఇసుక మన ఊళ్ళోనే ఉంది.

మధురవాడ నుంచి భీమిలి వైపు వెళ్ళి, కెరటం వెనక్కి తగ్గినచోట ఒడ్డున కూర్చోండి. తెల్ల ఇసుక మీద అక్కడక్కడా నల్ల చారలు, వాటి పక్కనే ముదురు గులాబీరంగు చారలు కనిపిస్తాయి. నల్లది ఎక్కువగా ఇల్మనైట్, గులాబీది గార్నెట్. చిటికెడు అరచేతిలో వేసుకుని భూతద్దంతో చూస్తే గార్నెట్ రేణువులు ఎర్రటి గాజుపొడిలా తళుక్కుమంటాయి. ఇవి సముద్రంలో పుట్టినవి కావు. మధురవాడ చుట్టూ కనిపించే ఈ కొండలన్నీ ఖోండలైట్ అనే రాయి. కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. అందులో క్వార్ట్జ్, సిల్లిమనైట్‌తో పాటు గార్నెట్ పుష్కలం. ఎండకీ వానకీ కొండ చివికి, గెడ్డల్లో కొట్టుకొచ్చి, కడలి ఒడ్డుకి చేరింది. నీటికి నాలుగింతల బరువుండే గార్నెట్‌ని కెరటం సులువుగా లాక్కుపోలేదు. రెండున్నర రెట్లు పైచిలుకు మాత్రమే ఉన్న మామూలు ఇసుకని లాక్కుపోతుంది. అందుకే బరువైన రేణువులు ఒకచోట చారగా మిగులుతాయి.

పాతకాలపు చైనా పనివాళ్ళు క్వార్ట్జ్ ఇసుకతో మొదలుపెట్టి, తర్వాత గార్నెట్, ఆపైన ఇంకా కఠినమైన కోరండం పొడి వాడారు. గార్నెట్‌ని వాళ్ళు పిలిచింది కూడా ఎర్ర ఇసుక అనే. తడి ఇసుక వేస్తూ చక్రం తిప్పితే రాతిని తినేది ఇసుక, చక్రం దాన్ని పట్టుకుని నడిపిస్తుందంతే. ఇప్పుడు వజ్రపు పొడి అద్దిన చిన్నచిన్న సూదులు, బిళ్ళలు వచ్చి రోజుల పని గంటల్లోకి దిగింది. సూత్రం మాత్రం మారలేదు.

ఇప్పుడు లాకెట్ దగ్గరికి వద్దాం. అరగదీసే పనిలో పైకి ఉబ్బిన భాగం సులువు. వినాయకుడి బొజ్జని ఎవరైనా నున్నగా మెరిపించగలరు. తొండానికీ బొజ్జకీ మధ్య సందు, చెవి మడత లోపల, వేళ్ళ నడుమ గీతల అడుగు, ఇవీ కష్టం. పనిముట్టు అక్కడికి చొరదు, చొరినా ముతక పొడి నుంచి మెత్తని పొడి దాకా ఒక్కో దశలో మళ్ళీ మళ్ళీ తిరగాలి. తొందరపడ్డవాడు అక్కడే పని ఎగ్గొడతాడు. టార్చిలైటు పక్కనుంచి, రాతిని దాదాపు రాసుకుంటున్నట్టు వేసి, పదింతలు చూపే లూపుతో చూడండి. గాడి అడుగు తెల్లగా, మసకగా, సన్నటి గీతలతో ఉంటే మెరుగు సగంలో ఆపేసినట్టు. అడుగు కూడా పైభాగంలాగే మెరుస్తుంటే ఆ చేతికి దణ్ణం పెట్టవచ్చు.

గీత ఎలా నడిచిందో కూడా చూడాలి. మంచి పనివాడి వంపు ఒక్క ఊపులో పోతుంది, వెడల్పు తను అనుకున్నచోటే మారుతుంది. చేయి తడబడితే వంపులో చిన్నచిన్న మూలలు తేలతాయి, గీత ఆగవలసినచోట దాటిపోతుంది. దారం దూర్చే రంధ్రం అంచు చిట్లి ఉందా? ఒకవైపు నుంచే తొలిచి అవతలికి పొడిచేస్తే అలా చిట్లుతుంది. జాగ్రత్తపరుడు రెండువైపుల నుంచీ తొలిచి నడుమ కలుపుతాడు, అంచుల్ని గుండ్రంగా సానపడతాడు, లేకపోతే దారం తెగుతుంది.

దుకాణంలో అచ్చంగా అలాంటి లాకెట్ ఇంకోటి ఉంటే పక్కపక్కన పెట్టండి. గీతకి గీత సరిపోతే అది అల్ట్రాసోనిక్ యంత్రం పని. ఉక్కు అచ్చు, రాపిడి పొడి కలిపిన నీళ్ళు, సెకనుకి వేల కంపనాలు. అచ్చు నిలువుగా దిగి నిలువుగానే పైకి రావాలి కాబట్టి అంచు కిందకి లోపలికి తొలవడం దానివల్ల కాదు. అంచులు మొద్దుగా, లోతులు ఒకే మట్టంలో ఉంటాయి. ఇది మోసమేమీ కాదు, చేతిపని ధర చెప్పనంతవరకు.

ఇంకో కిటుకు ఉంది. రాతిలో పగులు ఉంటే పనివాడు దాన్ని ఆకు ఈనెగానో మబ్బు అంచుగానో మలుస్తాడు. అది నేర్పే, కాదనను. అయినా నగిషీ మరీ కిక్కిరిసి ఉన్నచోట దీపం వెనకపెట్టి చూడాలి. బొమ్మే లేని నున్నటి జేడ్ బిళ్ళకి ఒక్కోసారి ఎక్కువ ధర ఉండేది అందుకే, దాంట్లో పగులు దాచుకునే చోటు లేదు.

చివరగా, అది జేడ్ అవునో కాదో మన వంటింట్లోనే కొంత తేల్చవచ్చు. బంగారం కట్టు లేని రాయైతేనే సుమా. పదోవంతు గ్రాము చూపే చిన్న కాటా చాలు. రాయి 20 గ్రాములు తూగిందనుకుందాం. గ్లాసుడు నీళ్ళు కాటా మీద పెట్టి, అంకెని సున్నా చేసి, రాతిని దారంతో అడుగు తాకకుండా నీళ్ళలో వేలాడదీయండి. కాటా 6 చూపితే 20ని 6తో భాగించండి. 3.3 వచ్చింది, అంటే జేడైట్ కావచ్చు. 6.8 చూపితే 2.9, నెఫ్రైట్ లెక్క. 7.5 చూపితే 2.7 లోపే, బహుశా రంగేసిన క్వార్ట్జ్. ఇండియన్ జేడ్ అని అమ్మే ఆకుపచ్చ అవెంచురైన్ కూడా క్వార్ట్జే. కత్తితో గీసి మాత్రం చూడకండి, నిజమైన జేడ్‌లో కూడా లేత చోట్లు ఉంటే మచ్చపడుతుంది.

ఆమ్లంలో నానబెట్టి, జిగురు పట్టించిన జేడైట్ ఉంటుంది. దాన్ని వ్యాపారులు బి రకం అంటారు. తూకంలో అది సరిగ్గా దొరకదు, దానికి ప్రయోగశాల కావాలి. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు శుద్ధి చెయ్యని ఎ రకమని రాసిన సర్టిఫికెట్టు అడిగి తీసుకోండి. ఆ కాగితం రాయి ఏమిటో చెబుతుంది, చెక్కడం ఎలాంటిదో చెప్పదు. దానికోసం ఓ లూపు కొనుక్కుని, లాకెట్‌ని వెనక్కి తిప్పి చూశాకే బేరం మొదలుపెట్టండి.