అందరూ దిద్దే ప్రతికి తాళమెందుకు?



మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చిన మా అమ్మాయి, భోగి నాడే ముఖం ముడుచుకుని కూర్చుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఇంకా ఆరు నెలలు నిండలేదు. ఏమిటే అని అడిగితే, "నేను వ్రాసిన ప్రోగ్రాము నేను కలపకూడదట అమ్మా. ఇంకొకళ్ళు చూసి సరేనంటేగాని లోపలికి పోదు. అలా తాళం వేసి ఉంచారు. నన్ను నమ్మటం లేదు" అంది.

కొత్తకోడలికి బీరువా తాళాలివ్వని అత్తగారు గుర్తొచ్చి నాకూ ఒళ్ళు మండింది. తీరా ఆ తాళం సంగతి విన్నాక నా కోపం చల్లారింది. మనలో చాలామంది పిల్లలు ఈ ఉద్యోగాల్లోనే ఉన్నారు కదా! పదో తరగతితో చదువు ఆపేసిన నాకు బోధపడినంత వరకు మీకూ చెబుతాను.

మా చిన్న మరిది పెళ్ళికి శుభలేఖ తయారుచేసినప్పుడు, అందరూ ఒక్క కాగితం మీదే కొట్టివేతలు మొదలుపెట్టారు. సాయంత్రానికి ముహూర్తం ఏదో కూడా తెలియకుండా పోయింది. అప్పుడు మా మామగారు అసలు ప్రతి శుభ్రంగా వ్రాసి బీరువాలో పెట్టి, తలా ఒక నకలు ఇచ్చారు. "మీ దిద్దుబాట్లు ఇందులో చెయ్యండి. చూసి అసలులో ఎక్కిస్తాను" అన్నారు.

ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళు చేసేదీ ఇదే. అసలు ప్రతిని మెయిన్ బ్రాంచి అంటారు, చెట్టుకి మానులాంటిదన్నమాట. ఎవరి నకలు వారిది ఒక కొమ్మ, అంటే బ్రాంచి. కొమ్మలో పని అయ్యాక దాన్ని మానులో కలపటం మెర్జ్. ఏ వరుస ఎవరు ఎప్పుడు మార్చారో లెక్కపెట్టే పనిముట్టు పేరు గిట్. లైనక్స్‌ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్, దేశదేశాల నుంచి వచ్చే దిద్దుబాట్లను సంబాళించుకోవటానికి 2005లో దీన్ని తయారుచేశాడు.

నేను పై వరుస మార్చి, మీరు కింది వరుస మారిస్తే గిట్ రెండూ తనే కలిపేస్తుంది. ఇద్దరం ఒకే వరుసని రెండు రకాలుగా మార్చామనుకోండి, అది ఆగిపోయి "ఏది ఉంచమంటారు?" అన్నట్టు రెండూ చూపిస్తుంది. దాన్ని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. ఇది నయమే, కనీసం అడుగుతుంది.

అడగకుండా కలిసిపోయేవాటితోనే ప్రమాదం. మా శుభలేఖలో మరిది పై వరుసలో కల్యాణమండపం పేరు మార్చాడు. అది తెలియని మా ఆడపడుచు, కింద వరుసలో పాత మండపానికి దారి చేర్చింది. వరుసలు వేరు కనుక తగాదా లేదు. మామగారు రెండూ పక్కపక్కన పెట్టి చదవబట్టి సరిపోయింది గాని, లేకపోతే బంధువులంతా పాత మండపం ముందు దిగేవారు! గిట్ కూడా వరుసలు చూస్తుందేగాని అర్థం చూడదు.

అందుకనే ఈ తాళం. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ లాంటి చోట్ల దీన్ని ప్రొటెక్టెడ్ బ్రాంచి అంటారు. ఇలా కట్టుదిట్టం చేశాక మానులో ఎవరూ నేరుగా వ్రాయరు. ముందు "నా దిద్దుబాటు కలుపుకోండి" అని విన్నపం పెట్టాలి. యంత్రం పరీక్షలు జరిపి చూస్తుంది. ఆ పైన తోటివాళ్ళు ఒకరో ఇద్దరో చదివి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక మళ్ళీ ఒక్క వరుస మార్చినా, ఆ ఒప్పుదల రద్దయ్యేట్టు కూడా పెట్టుకోవచ్చు. సంతకాలయ్యాక దస్తావేజులో అంకె మారిస్తే మనం ఊరుకుంటామా?

తాళం లేకపోతే ఏమవుతుందో చూడండి. 2013 నవంబరులో జెంకిన్స్ అనే ప్రాజెక్టులో పనిచేసే ఒకాయన, ఫోర్స్ పుష్ అనే ఆజ్ఞ పొరపాటున ఇచ్చాడు. పాతది చెరిపి తనది రుద్దే ఆజ్ఞ అది. 150కి పైగా ప్రతులు ఒక్కసారిగా వెనకటి స్థితికి పోయాయి. ఆయన దొంగ కాదు, అనుమతి ఉన్న మనిషే. గిట్‌హబ్ వారి సాయంతో తిరిగి సరిచేసుకున్నారు. ఈ తాళం సదుపాయం గిట్‌హబ్‌లో వచ్చింది ఆ తరవాత, 2015లో.

అలాగని తాళమే సర్వరోగ నివారిణి కాదు. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములో 2011 చివర చేరిన ఒక మార్పుని, వ్రాసినాయన గాక ఇంకొకరు కూడా చూశారు. అయినా అందులోని తప్పు కంటబడలేదు. హార్ట్‌బ్లీడ్ అని 2014 ఏప్రిల్‌లో బయటపడేదాకా ఎన్నో సైట్ల రహస్యాలకు కన్నం ఉండిపోయింది. తాళం ఆపగలదంతే, చదవాల్సింది మనిషే.

ఇదంతా విని మా అమ్మాయిని ఒక్కటే అడిగాను. "మీ టీము లీడరుగారు వ్రాసిందో?"

"ఆయనదీ అంతే. మొన్న నేను చదివి సరేనన్నాకే కలిసింది. ఒక తప్పు కూడా పట్టాను" అంది.

"మరి నిన్ను నమ్మకపోవటమేమిటే?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి వచ్చి అరిసెలు వత్తింది. అత్తగారి తాళం కోడల్ని మాత్రమే ఆపుతుంది. ఇది పెట్టినవాళ్ళని కూడా ఆపుతుంది. ఆ తేడా దానికి అప్పుడు తట్టిందనుకుంటాను.

మీ పిల్లలు ఏ రాత్రో ఫోనులో "నా పని రివ్యూలో ఆగిపోయింది" అని దిగులుపడితే, తప్పు చేశావా అని గాభరాపడకండి. ఏం దిద్దమన్నారో అడగండి. ఇవాళ నువ్వెవరిది చదివావు అని కూడా అడగండి.

సెలవు.