నడిమి స్తంభము

వార్తలను ఢిల్లీనుండి రిలే చేయుచున్నామన్న ప్రకటన రేడియో గల ప్రతి యింట పరిచితమే. ఒకచోట పలికినదానిని నడుమ నొకరు అందుకొని, బలము చేకూర్చి, ముందునకు పంపుటయే రిలే. నేడు మన చేతి ఫోనులు బ్రతుకుచున్నదియు ఈ ఉపాయముమీదనే.

షాబాదునుండి హైదరాబాదునకు తిన్నగా గీత గీచినచో 40 కిలోమీటర్లకు పైబడి యుండును. నడుమ నొక స్తంభము నాటితి మనుకొందము. అడ్డులేని ఆకాశమున తరంగము రెట్టింపు దూరము పోయిన, చేరు శక్తి 4వ వంతే. కావున సగము దూరమునకు 4వ వంతు శక్తి చాలును. రెండంగలకును కలిపి వ్యయము సగమగును. నేల నంటి పోవు తరంగములకు కొన్నియెడల నష్టము దూరముయొక్క 4వ ఘాతము ననుసరించి పెరుగును. అప్పుడు అంగకు 16వ వంతు, మొత్తము 8వ వంతు చాలును.

అట్లని పది స్తంభములు నాటుట లాభము కాదు. స్తంభము మాటాడకున్నను, మేలుకొని వినుటకే కొంత విద్యుత్తును తినును. పనిలేనప్పుడు దానిని నిద్రపుచ్చుటయు పొదుపే.

ఇక రహస్యము మాట. షాబాదు మండలమందలి చందన్‌వెల్లి, అమెజాన్ సంస్థ తన డేటా కేంద్రములకై ఎన్నుకొన్న స్థలములలో నొకటి. ఆ సంస్థ హైదరాబాదు సేవలు 2022 నవంబరులో మొదలైనవి. అట్టి కేంద్రముల సమాచారము గాజుతీగలలో పోవును. పక్క చేనిలోని రైతు ఫోను మాత్రము గాలినే నమ్ముకొన్నది. అతని బ్యాంకు లెక్క గాలిలో పోవుచున్నది.

తక్కువ శక్తితో పలికిన మాట తక్కువ మేర వినవచ్చును, ఇది మేలు. కాని నడిమి స్తంభము సర్వమును వినును. ఉత్తరము మోయువాడు దానిని చదువకుండుటెట్లు?

మొదటి ఉపాయము సంకేతలిపి: తాళపుచెవి రెండు కొసలవారియొద్దనే యుండవలెను. సాధారణ ఫోను సంభాషణకు ఫోనునకును సంస్థ యంత్రములకును నడుమనే తాళము; లోపల అది తెరువబడును. రెండవదానికి పునాది వేసినవాడు ఆరన్ వైనర్. దొంగచాటుగా వినువానికి మనవానికన్న ఎక్కువ రొద వినవచ్చినచో, తాళపుచెవి లేకయే రహస్యము నిలుపవచ్చునని ఆయన 1975లో నిరూపించెను. దీని ననుసరించి యొక చమత్కారము పుట్టినది. స్తంభము వినునపుడు, అవతలి కొసవాడు కావలెనని రొద పంపును. స్తంభము ఆ కలగాపులగమునే ముందునకు పంపును. రొద తనదే గనుక అతడు దానిని తీసివేసి మాటను గ్రహించును; స్తంభమునకు మాత్రము అది విడదీయరానిది.

అయితే ఆ రొదకును విద్యుత్తు కావలయును. రిలే మిగిల్చినదానిలో కొంత కాపలాకు వ్యయమగును. ఎంత మిగుల్చుట, ఎంత కాపలాకిచ్చుట యన్నదే ఇంజనీర్లు నిత్యము తూచుచున్న తక్కెడ.

శ్రోతలకు ఒక్క మనవి. గాలికి ఎంత గట్టి తాళము వేసినను, బ్యాంకు పంపిన రహస్యసంఖ్యను అడిగినవారికెల్ల మనమే చెప్పినచో, ఆ కాపలా యంతయు వ్యర్థమే.