మోకాలు నొప్పి అంటే తుంటి కూడా చూడాలి



పన్నెండేండ్ల పిల్ల "అమ్మా, మోకాలు నొస్తుంది" అంటుంది. కొద్దిగా కుంటుతుంది కూడా. మనం ఏమంటాం? "ఆటల్ల ఎక్కడ్నో పడ్డవ్, రేపటికి తగ్గుతది" అంటాం. బడి ఎగ్గొట్టే సాకు అనుకుంటాం. బామ్ రాస్తాం. పదిహేను రోజులైనా తగ్గకపోతే మోకాలికి ఎక్స్‌రే తీయిస్తాం. అందులో ఏమీ కనబడదు. "ఏం లేదన్నరు" అని ఇంటికి తోలుకొస్తాం.

మోకాలికి ఏమీ లేదు. నిజమే. చెడింది తుంటి.

తుంటి చెడితే మోకాలు ఎందుకు నొస్తుంది? రెండింటి నుంచీ నొప్పి కబురు మోసే నరాలు కొన్ని ఒకటే. అందుకే నొప్పి ఒక చోట పుడుతుంది, ఇంకో చోట తెలుస్తుంది. పిల్ల అబద్ధం ఆడటం లేదు. చదువుకున్న డాక్టర్లే ఒక్కోసారి ఇక్కడ పొరపడుతారు.

తుంటి లోపల ఏముందో చూద్దాం. తొడ ఎముక పైకొన గుండులాగ ఉంటుంది. అది తుంటి గిన్నెలో కూర్చుంటుంది. రోట్లో పొత్రం తిరిగినట్టు అందులో తిరుగుతుంది. పెద్దవాళ్ళలో ఆ గుండు, కింది ఎముక ఒకటే ముక్క. ఎదిగే పిల్లల్లో అట్లా కాదు. రెండింటి నడుమ ఒక మెత్తని పొర ఉంటుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. దాన్ని ఎదుగుదల పొర అందాం.

నీళ్ళ బిందె ఎత్తుకునేటప్పుడు నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకుంటాం కదా. నెత్తి కింది ఎముక అనుకోండి. చుట్టబట్ట ఆ పొర. బిందె ఆ గుండు. చుట్టబట్ట కదిలితే బిందె ఒరుగుతుంది. పిల్లలు గబగబా ఎదిగే వయసులో ఈ పొరకు బలం తక్కువ. బరువు పడితే పట్టు తప్పుతుంది. ఒక్కటే తేడా. ఇక్కడ గుండు గిన్నెలోనే ఉండిపోతుంది, కింది ఎముకే ముందుకూ బయటికీ జరుగుతుంది. అందుకే పాదం బయటి దిక్కు తిరుగుతుంది.

ఇది ఎక్కువగా 10 నుంచి 16 ఏండ్ల పిల్లలకు వస్తుంది. మగపిల్లల్లో ఎక్కువ. ఆడపిల్లల్లో అయితే ఎక్కువసార్లు పెద్దమనిషి కాకముందే వస్తుంది. లావుగా ఉన్నవాళ్ళకు ఎక్కువ. "మా పిల్ల బక్కది, దానికి రాదు" అనుకోవద్దు. థైరాయిడ్, కిడ్నీ జబ్బు ఉంటే బక్క పిల్లలకూ వస్తుంది. దిష్టి కాదు, ఎవరి పాపమూ కాదు.

గజ్జల్లో గానీ, తొడలో గానీ, మోకాలిలో గానీ నొప్పి ఉంటుంది. కుంటు ఉంటుంది. మోకాలిని పొట్ట వైపు మడిస్తే తిన్నగా రాదు, పక్కకు పోతుంది. పాయిఖానకు కూర్చోవడం కష్టమవుతుంది.

కొందరికి మెల్లమెల్లగా జారుతుంది. కుంటుతూనే నడుస్తారు. కొందరికి ఒక్కసారిగా జారుతుంది. కర్ర పట్టుకున్నా అడుగు వేయలేరు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. 1993లో అమెరికా డాక్టర్లు ఇట్లా జారిన 55 తుంట్ల లెక్క రాశారు. అడుగు వేయలేని 30 తుంట్లలో 14 తుంట్లకు రక్తం అందక గుండు చచ్చుబడింది. అడుగు వేయగలిగిన 25లో ఒక్కదానికీ అట్లా కాలేదు. చచ్చుబడిన గుండు కుంగిపోతుంది. చిన్న వయసులోనే తుంటి అరుగుతుంది. అందుకని పిల్ల ఇంకా నడుస్తున్నప్పుడే పట్టుకోవాలి.

అనుమానం వస్తే నడవనీయొద్దు. కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో నిలబెట్టి తీసుకుపోవద్దు. ఆటోలో పడుకోబెట్టండి. అసలే నిలబడలేకపోతే 108కి ఫోన్ చేయండి. తోమించవద్దు, కాలు గుంజించవద్దు. కట్టు కట్టే తాతల మీద నాకు కోపం లేదు. కానీ ఈ చోటు కట్టుకు అందదు. గుంజితే ఉన్న పట్టు కూడా పోతుంది.

ఎముకల డాక్టరుకు చూపించాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలైనాయి. అక్కడి పెద్ద దవాఖానకు పోయి "సార్, రెండు తుంట్లకూ ఎక్స్‌రే తీయండి" అని అడగండి. అడగడం తప్పు కాదు. నడిచే పిల్లకు ఒకటి తిన్నగా పడుకోబెట్టి తీస్తారు. ఇంకొకటి కప్ప కాళ్ళలాగ మోకాళ్ళు పక్కకు వంచి తీస్తారు. కొంచెమే జారితే ఈ రెండోదాంట్లోనే బాగా తెలుస్తుంది.

దీనికి మందు గోళీలు లేవు. ఆపరేషన్ చేయాలి. పేరు వింటే గుండె జల్లుమంటుంది గానీ కోత చిన్నదే. తెర మీద ఎముకను చూసుకుంటూ ఒక స్క్రూ ఎక్కిస్తారు. అది పొర దాటి గుండులో దిగుతుంది. ఇంకా జారకుండా పట్టి ఉంచుతుంది. జారినదాన్ని మామూలుగా పాత చోటికి గుంజరు. గుంజితే గుండుకు రక్తం మోసే నాళాలు దెబ్బతినవచ్చు. బాగా జారిపోతే పెద్ద ఆపరేషన్ కావాలి. హైదరాబాదు పొమ్మనవచ్చు.

తర్వాత కొన్ని వారాలు చంక కర్రలతో నడవాలి. స్క్రూను ఎక్కువసార్లు తీయరు. కొందరికి రెండో తుంటి కూడా జారుతుంది. కాబట్టి ఆ పొర మూసుకునే దాకా రమ్మన్నప్పుడల్లా పోవాలి.

బీడీల చాట వదిలి పోతే ఆ రోజు కూలి పోతుంది. సిరిసిల్లలో సాంచాలు ఆపినా అంతే. ఆ కష్టం నాకు తెలుసు. కొందరు తల్లుల భయం వేరే. "ఆడపిల్ల, కుంటిది అంటరు, రేపు పెండ్లెట్ల?" అని దాస్తారు. కుంటు దాగదు. దాచినన్ని రోజులూ ఎముక జరుగుతూనే ఉంటుంది.

ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైంది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాన్ని 10 లక్షల రూపాయల దాకా పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసుకుపోండి. "మా పిల్ల ఆపరేషన్ ఇందులో వస్తదా?" అని దవాఖానలో ఆరోగ్యమిత్రను అడగండి.

పోయే ముందు చీటీ మీద మీ చేతితోనే ఈ నాలుగు మాటలు రాసుకోండి. ఏ కాలు? నొప్పి ఎన్ని రోజుల నుంచి? అడుగు వేస్తుందా, లేదా? ఇంతకు ముందు ఏ జబ్బుకైనా మందులు వాడిందా? డాక్టరుకు ఆ చీటీ ఇవ్వండి. మళ్ళీ ఎప్పుడు రావాలో ఆ తారీఖు దాని వెనక రాయించుకొని రండి.