ప్లేట్‌లెట్లను ఐసులో పెట్టకండి!

డెంగీ జ్వరంలోనో, కాన్సర్ చికిత్సలోనో ప్లేట్‌లెట్లు మరీ తగ్గి రక్తస్రావ ప్రమాదం ఏర్పడితే, దాతల నుంచి సేకరించినవాటిని రోగికి ఎక్కిస్తారు. రక్తంలాగే వీటినీ చల్లగా ఉంచాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. చల్లదనానికి ప్లేట్‌లెట్ల ఆకారం మారిపోతుంది. రోగి ఒంట్లో అవి ఎక్కువకాలం నిలవవు. ఈ సంగతిని అమెరికా వైద్యులు మర్ఫీ, గార్డ్‌నర్ 1969లోనే చూపించారు. అందుకే బ్లడ్‌బాంకులో వీటిని 20-24 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, మెల్లగా కదుపుతూ, సాధారణంగా 5 రోజులు మాత్రమే నిలవ ఉంచుతారు.

మరి అవి బాగున్నదీ లేనిదీ తెలిసేదెలా? ప్యాకెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి మెల్లగా తిప్పితే లోపల మెరిసే సుడులు కనిపించాలి. మంచి ప్లేట్‌లెట్లు పలుచని బిళ్లల్లా ఉండి వెలుతురును చెదరగొడతాయి. చెడినవి గుండ్రంగా మారడంతో ఆ మెరుపు పోతుంది. అయితే మెరుపు ఉన్నంత మాత్రాన సూక్ష్మక్రిములు లేవని కాదు. చల్లబరచకుండా ఉంచుతారు గనుక క్రిములు పెరిగే ప్రమాదం ఉంది. ఎక్కిస్తుండగా వణుకు, జ్వరం వస్తే వెంటనే నర్సుకు చెప్పండి.

ప్యాకెట్‌ను మీరే తేవలసి వస్తే ఐసు డబ్బాలో పెట్టకండి, ఎండ తగలనివ్వకండి. దారిలో ఆగకుండా ఆసుపత్రికి చేర్చండి.