మన కారు వెనకబడిన వేళ...

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో ఎవర్నడిగినా మహీంద్రా అంటే ట్రాక్టరే. చెరకు ట్రాలీని లాక్కెళ్లే ఎర్రబండి! శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడినా ఆ గుర్తు మాత్రం చెరిగిపోలేదు. అదే పేరుతో ఓ రేసు కారు కూడా ఉందనీ, అది మన హైదరాబాద్‌లోనే పరుగెత్తిందనీ ఎందరికి తెలుసు?

2023 ఫిబ్రవరి 11, శనివారం. హుస్సేన్‌సాగర్ పక్కన, సచివాలయం చుట్టూ 2.8 కిలోమీటర్ల ట్రాక్. పెట్రోలుతో పనిలేని ఫార్ములా-ఇ కార్ల పందెం మనదేశానికి రావడం అదే మొదటిసారి. 2014లో ఈ పోటీలు మొదలైన నాటి నుంచీ బరిలో ఉన్న ఏకైక భారతీయ జట్టు మహీంద్రా. సొంతగడ్డపై పందెం, బోలెడన్ని ఆశలు. కానీ కారే సహకరించలేదు.

ఫార్ములా-ఇలో బ్యాటరీ, టైర్లు, బాడీ అందరికీ ఒకటే. మోటారు, గేర్‌బాక్సు, వెనక సస్పెన్షన్, సాఫ్ట్‌వేర్... వీటిల్లోనే అసలు తేడా. ఆ ఏడాదే కొత్త తరం కార్లు వచ్చాయి. మెక్సికోలో జరిగిన తొలి పందెంలో లుకాస్ డి గ్రాసీ అందరికన్నా ముందు నుంచి బయల్దేరి మూడోస్థానంలో నిలిచాడు. చూసినవాళ్లు ఇంకేం, ఈసారి మనదే అనుకున్నారు. ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. హైదరాబాద్‌లో ఆలివర్ రోలండ్ కష్టపడి ఆరోస్థానం తెచ్చాడు, ఎనిమిది పాయింట్లు. ఆ కారుతో అంతకన్నా ఏం చేస్తాడు!

అసలు దెబ్బ రెండు వారాల తర్వాత కేప్‌టౌన్‌లో తగిలింది. వేగం బాగా ఎక్కువగా ఉండే వీధి ట్రాక్ అది. వెనక సస్పెన్షన్ భాగాలపై అనుమానం రావడంతో జట్టు తన రెండు కార్లనీ పోటీ నుంచి తప్పించింది. మహీంద్రా మోటారునే వాడే ఏబీటీ జట్టు కూడా పక్కకు తప్పుకుంది. మొత్తం నాలుగు కార్లు! పరువు పోతుందని తెలిసీ తీసుకున్న నిర్ణయమిది. ఇరుసు మీద నమ్మకం లేని బండికి లోడెత్తకూడదని మన ట్రాక్టరు డ్రైవర్లకి ఒకరు చెప్పాలా!

మే నెలలో రోలండ్ జట్టును వదిలేశాడు. అతడి బదులు రాబెర్టో మెర్హి వచ్చినా ఒక్క పాయింటూ రాలేదు. సీజను ముగిసేసరికి 11 జట్లలో మహీంద్రాది పదో స్థానం, 41 పాయింట్లు. పదకొండోది? అదే మోటారుతో నడిచిన ఏబీటీ. డి గ్రాసీ కూడా వెళ్లిపోయాడు.

చిత్రమేంటంటే, ఆ రోలండే 2025లో నిస్సాన్ కారుతో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మహీంద్రా కూడా ఊరికే కూర్చోలేదు. అదే ఏడాది జట్ల పట్టికలో నాలుగో స్థానానికి ఎగబాకింది. అయితే 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన హైదరాబాద్ పందెం రద్దయింది. కుదురుకున్న ఆ కారు సాగర్ పక్కన దూసుకుపోవడం చూసే యోగం అప్పుడు మనకి దక్కలేదు.