కోళ్ళగూట్లో ఇంజను

"ఏమండీ, మళ్ళీనా?" అన్నది మా ఆవిడ.

ఆ "మళ్ళీ" వెనుక ఒక కథ వున్నది. పన్నెండేళ్ళ క్రిందట ఒక వాన సాయంకాలం, దీపాలు పెట్టే వేళకి, సగం విప్పి పారేసిన పాత కారు ఒకటి చూశాను. చూసిన గంటలోనే డబ్బిచ్చి తెచ్చుకున్నాను. వానలో తడిసిన రేకు అద్దంలా మెరిసింది. మర్నాడు ఎండ కాసేసరికి ఆ నునుపంతా పుట్టీ అని తేలింది. నాలుగేళ్ళు మా గారేజిలో కాపరం చేసి, కొన్నదాంట్లో మూడోవంతుకి పాత యినుము కింద వెళ్ళిపోయింది. అప్పటినుంచి మా యింట్లో తొందరపాటుకి "కారు కొనడం" అని పేరు. కూరలో ఉప్పు రెండుసార్లు పడ్డా, "యివాళ కారు కొన్నానండీ" అంటుంది ఆవిడ.

మేము వుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో. క్రిందటేడు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాను. తీసుకున్న రెండో నెలలోనే తెలిసింది - రెండు గంటల ప్రయాణంలో ఒక పల్లెలో 1950 నాటి షెవర్లే పికప్పు ట్రక్కు, బాగుచేస్తూ చేస్తూ సగంలో ఆగిపోయినది, అమ్మకానికి వున్నదని. అడుగుతున్నది 6,500 డాలర్లు.

పికప్పు అంటే ముందు ముగ్గురు కూర్చునే గది, వెనుక మూతలేని తొట్టి. యిక్కడి రైతుల బండి. ఇంజనీరుగా ముప్ఫై అయిదేళ్ళు చేసినవాడికి రైతు బండితో ఏం పని అంటారేమో. మా నాన్నగారు లారీ డ్రైవరు. గుడివాడ నుంచి బెజవాడకి ధాన్యం తోలేవారు. ఆయన నడిపినది షెవర్లే లారీయే. 1928 నుంచి 1954 వరకూ జనరల్ మోటార్స్ వారు బొంబాయిలో యీ బళ్ళు బిగించి అమ్మేవారు. దుకాణం కట్టేశాక కూడా ఆ లారీలు మన రోడ్లమీద ఏళ్ళ తరబడి తిరిగాయి. ఆయన నోట అది "చవర్లెట్టు". పాత బండి కొనేవాళ్ళు ఆయన్ని వెంట తీసుకువెళ్ళేవారు. "ముందు బండి చూడకురా, బండి కింద నేల చూడు" అనేవారాయన.

ఆ మాట చెబితే మా ఆవిడ కాస్త మెత్తబడింది కాని, మూడు షరతులు పెట్టింది. పట్టపగలు, పొడి వాతావరణంలో చూడాలి. మొత్తం ఖర్చు, కొనుగోలుతో కలిపి, పదివేల డాలర్లు దాటరాదు. మూడోది - తనూ వస్తుంది.

మొదట కాగితం

అమ్మేవారు ఎనభై దాటిన దంపతులు. ముసలాయన మమ్మల్ని కొట్టంలోకి తీసుకువెళ్ళాడు. బండి చట్రం మీదే వుంది. గది కూడా వుంది. ముందు మడ్గార్డులు, రేడియేటరు, సీటు, అద్దాలు అన్నీ వేరుగా గోడకి ఆనించి వున్నాయి. చుట్టూ అట్టపెట్టెలు, యిరవై మూడు. 1998లో విప్పడం మొదలుపెట్టాడట.

ఆయన బండి గురించి చెప్పబోతుంటే, "ముందు యాజమాన్యపు పత్రం చూపిస్తారా?" అన్నాను. క్రిందటిసారి నేర్చుకున్న పాఠం యిది. బండికి తుప్పు పడితే రేకు వేసి అతకవచ్చు. కాగితానికి తుప్పు పడితే అతికేవాడు లేడు.

పత్రం ఆయన పేరనే వుంది. అందులోని నంబరు చీటీమీద రాసుకుని, తలుపు స్తంభానికి బిగించిన చిన్న రేకుబిళ్ళ మీద నంబరుతో పోల్చాను. కలవలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఆ రోజుల్లో అనేక రాష్ట్రాల్లో పత్రం మీద బండి నంబరుకి బదులు ఇంజను నంబరు రాసేవారు. "సరే, ఇంజను దగ్గర చూద్దాం" అనుకుని చీటీ జేబులో పెట్టుకున్నాను.

తుప్పు దాగే చోట్లు

షెవర్లే వారు యీ నమూనాని 1947 మధ్యలో తెచ్చి, 1955 మొదటి నెలల దాకా చేశారు. కాబట్టి వీటి జబ్బులన్నీ తెలిసినవే. గది వెనుక రెండు కింది మూలల్లోనూ, తలుపుల కింద గడపల్లోనూ, డ్రైవరు పాదాలు ఆనే నేలలోనూ మట్టీ నీరూ చేరతాయి. ఒహాయోలో శీతకాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. యినుముకి ఉప్పునీటిని మించిన శత్రువు లేదు.

నేను తీసుకువెళ్ళిన పరికరాలు చూసి ముసలాయన నవ్వాడు. గుడ్డ చుట్టిన అయస్కాంతం, స్క్రూడ్రైవరు, లాంతరు, గట్టి దారం వుండ. అయస్కాంతం ఎక్కడ అంటుకోదో అక్కడ రంగు కింద యినుము లేదు, పుట్టీ వున్నదన్నమాట. ఎడమ మూల అంటలేదు. నేలమీద స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ వెళితే, గట్టి రేకు ఖంగుమన్నది, పుచ్చు రేకు అప్పడంలా కరకరలాడింది. కుడివైపు పాదాల దగ్గర పిడి కిందికి దిగిపోయింది. తలుపులు మాత్రం వేలితో తోస్తే పడ్డాయి. అది మంచి గుర్తు. తలుపు వేలాడుతూ వుంటే స్తంభమే పుచ్చిందని అర్థం. అది పెద్ద పని.

తర్వాత బండి కిందికి దూరాను. గది నేల పోతే రేకు దొరుకుతుంది, చట్రం పోతే బండే పోయినట్టు. వెనుక యిరుసు పైన చట్రం వంపు తిరిగే చోట సుత్తితో తట్టి చూశాను. గట్టిగానే వుంది. దారంతో ఎడమ ముందు మూలనుంచి కుడి వెనుక మూలకి ఒకసారి, కుడి ముందు నుంచి ఎడమ వెనుకకి ఒకసారి కొలిచాను. రెండూ సమానం. అంటే బండి ఎన్నడూ గట్టిగా గుద్దుకుని వంకరపోలేదు.

సీటు వెనుక, గదిలోనే, పెట్రోలు ట్యాంకు. మూత తీస్తే పాత వార్నిషు వాసన. పెట్రోలు ఏళ్ళ తరబడి నిలవుంటే అట్లాగే గడ్డకట్టి జిగురవుతుంది. దాన్ని కడగడమో మార్చడమో తప్పదు.

యిక పెట్టెలు. విప్పిన బండిలో అసలు ప్రమాదం యిక్కడే. రేకులూ, రబ్బర్లూ, తొట్టి అడుగున పరిచే చెక్కలూ యీనాటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు. కాని ఇతరులు విప్పినదాన్ని మనం బిగించాలంటే, ఏ బోల్టు ఎక్కడిదో చెప్పేవాడుండాలి. మొదటి ఆరు పెట్టెలమీద ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు. ఏడోదానిమీద ఒక మాట. ఎనిమిది నుంచీ ఏమీ లేదు. ఆయన ఉత్సాహం ఏ పెట్టె దగ్గర ఆగిందో తెలుస్తూనే వుంది.

"ఎందుకు ఆపేశారు?" అని అడిగాను.

ఆయన మాట్లాడకుండా రెండు చేతులూ చాపి చూపించాడు. వేళ్ళు వణుకుతున్నాయి.

ఇంజను తంటా

1950లో యీ బండికి వచ్చిన ఇంజను ఆరు సిలిండర్లది, 216 ఘనపుటంగుళాలది. సుమారు 90 అశ్వాల బలం. దాని పైమూతని నడినెత్తిన రెండు నట్లు పట్టివుంచుతాయి. యీ బండిలో వున్నదానికి మూత అంచున నాలుగు స్క్రూలు వున్నాయి. అది 1954 తర్వాత వచ్చిన 235 ఇంజను.

నిజానికి అది మెరుగైన ఇంజను. పాతదాంట్లో కనెక్టింగు రాడ్లకి నూనె పూర్తి ఒత్తిడితో అందదు. చిన్న గరిటెల్లాంటివి తొట్టిలోని నూనెని తోడుకుంటాయి, చిమ్మిన నూనె అందుకుంటాయి. బేరింగులు కరిగించి పోసిన తెల్ల లోహం. వేగంగా చాలాసేపు తోలితే వేడెక్కి కరిగిపోతాయి. కొత్తదాంట్లో ఒత్తిడితో నూనె అంతటా పారుతుంది. ప్లగ్గులు తీయించి చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది కూడా.

కాని డిస్ట్రిబ్యూటరు పక్కన బ్లాకు మీద చెక్కిన నంబరు తుడిచి చూస్తే, అదీ కలవలేదు!

పత్రంలో ఒకటి, తలుపు స్తంభం మీద ఒకటి, ఇంజను మీద యింకొకటి. అట్లాటి బండిని మన పేర రాయించుకోబోతే అధికారులు దొంగబండి అనుకున్నా అనుకుంటారు. ముసలాయన ముఖం పాలిపోయింది. "నేను దొంగని కాదు" అన్నాడు నెమ్మదిగా. "1974లో డబ్బిచ్చి కొన్నాను." నాకు ఏం చెప్పాలో తోచలేదు. పరికరాలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాను.

యింతలో యింటి వసారాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్ళిద్దరూ వచ్చారు. సంగతి విని మా ఆవిడ, "యిది కొత్త ఇంజనైతే, పాతది ఏమైందో అడిగారా?" అన్నది.

అడగలేదు. నా బుర్రకి తట్టనే లేదు. ఆయనకీ జ్ఞాపకం లేదు. జ్ఞాపకం వున్నది ఆయన భార్యకి.

"కోళ్ళగూట్లో వుంది" అన్నదావిడ. "బేరింగులు కరిగిపోయాయని తీసి అక్కడ పడేశాడు. పారెయ్యమని పదేళ్ళు పోరాను. తర్వాత దానిమీద కోళ్ళు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక నేనే వూరుకున్నాను."

కోళ్ళు పోయి చాలాకాలమైంది. గూడు మాత్రం వుంది. చెక్కలు తొలగిస్తే, జానెడు మందాన గడ్డీ రెట్టా కింద ఇంజను బ్లాకు. కిరసనాయిలూ తీగె బ్రష్షూ పట్టుకుని నేను తోముతున్నాను. ముసలాయన లాంతరు పట్టుకున్నాడు, వెలుగు వణుకుతోంది. మొదట ఒక అక్షరం కనపడింది. తర్వాత ఒక్కొక్క అంకె. మా ఆవిడ చీటీ చూసి చదువుతూ వుంటే నేను "వున్నది" అంటూ వచ్చాను. చివరి అంకె కూడా "వున్నది" అనేసరికి ముసలాయన పక్కనున్న బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

అయినా ఆ రోజు డబ్బివ్వలేదు. సోమవారం రిజిస్ట్రేషన్ కచేరీకి ఫోను చేశాను. పాత బ్లాకూ, అమ్మినాయన వాఙ్మూలమూ తీసుకువస్తే తనిఖీచేసి, తలుపు స్తంభం మీది నంబరుతో కొత్త పత్రం యిస్తామన్నారు. అప్పుడే బేరానికి కూర్చున్నాం.

లెక్క

నా లెక్క కాగితం ఆయన ముందే పెట్టాను. నేల, మూలల రేకులు 900, తొట్టి చెక్కలు 600, బ్రేకులు 700, వైరింగు 500, అద్దాలు, రబ్బర్లు 600, టైర్లు 700. వెరసి 4,000. దానికి సగం, అంటే 2,000, కనపడని ఖర్చులకి. ఈ సగం వేసుకోనివారు సగం పనిలో ఆగిపోతారు. రంగు నేనే వేసుకుంటాను. పదివేలలో ఆరువేలు పోతే మిగిలేది నాలుగు వేలు.

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. "మీరు టైర్లకి తక్కువ వేసుకున్నారు" అన్నాడు. తర్వాత, "4,200" అన్నాడు.

నేను మా ఆవిడ వంక చూశాను.

"ఇంజను దొరికింది ఆవిడవల్ల. ఆ రెండువందలూ నా పొదుపులోంచి యిస్తాను" అన్నది.

పాఠకుల్లో ఎవరికైనా యిటువంటి కోరిక పుడితే, వారికి నేను చెప్పగలిగినది యింతే. పూర్తిగా బాగుచేసిన బండి కొంటే సాధారణంగా చౌక. సగంలో ఆగిన బండిని, లాభం చూసుకుని కొనేవాడు ఎప్పుడూ మోసపోతాడు. పనిమీద యిష్టంతో కొనేవాడు కూడా, కాగితం, చట్రం, పెట్టెలు - యీ మూడూ చూసుకోకపోతే మోసపోతాడు. ఎందుకు ఆగిందని అడగడం మరవకూడదు.

ఏడు నెలలైంది. కొత్త పత్రం వచ్చింది. నేల అతికాం. చీటీలు లేని పదహారు పెట్టెలూ మా ఆవిడా నేనూ పప్పు ఏరినట్టు బల్లమీద పోసి ఏరాం. ముసలాయన వారానికోసారి ఫోనులో "ఆ వంకర బోల్టు హారనుది" అని చెబుతూ వుంటాడు.

మొన్న ఆదివారం, సీసాలో పెట్రోలు వేలాడదీసి, కాలితో నొక్కే స్టార్టరు నొక్కాను. ఆరు వోల్టుల బ్యాటరీ కదా, నెమ్మదిగా మూలిగింది. నాలుగోసారికి దగ్గి, పొగ వదిలి, అందుకున్నది. అయిదు నిమిషాలు నడిచింది.

ఆపేసి, దిగి, మా నాన్నగారు చెప్పినట్టు కింద నేల చూశాను. రెండు నూనె చుక్కలు.

మా ఆవిడ లోపలికి వెళ్ళి, పాత అల్యూమినియం పళ్ళెం ఒకటి తెచ్చి, వాటి మీద పెట్టి వెళ్ళిపోయింది.