పుస్తకం ఏ భాషదైనా కబుర్లు తెలుగులో: టీనేజీ పిల్లలకు ఐదు బొమ్మల కథలు

"అన్నం తిన్నావా?" అంటే "తిన్నానమ్మా" అని చక్కగా తెలుగులో జవాబు చెప్పే పిల్లలు మన ఇళ్లల్లో ఉన్నారు. కానీ స్కూల్లో ఎవరో ఏడిపించారనో, పరీక్షంటే భయంగా ఉందనో చెప్పాల్సి వస్తే ఆ పిల్లలే ఇంగ్లీషులోకో, బడి భాషలోకో జారిపోతారు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లలో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో తప్పదు. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇక ఇంట్లో తెలుగు తిండి, డబ్బు, "ఎప్పుడొస్తావ్" దగ్గరే ఆగిపోతోంది.

ఈ వయసు పిల్లలకు పెద్దబాలశిక్ష ఇస్తే ముట్టరు. నవల ఇస్తే తెలుగు లిపి అడ్డం వస్తుంది. వాళ్లు ఇష్టంగా చదివేవి కామిక్స్, గ్రాఫిక్ నవలలు. అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

బొమ్మలు చూడటం చదువేనా?

పెద్దలకు వచ్చే మొదటి అనుమానం ఇదే. కామిక్స్‌లో కథ గడులు గడులుగా నడుస్తుంది. ఒక గడిలో మనిషి చెయ్యి ఎత్తుతాడు, పక్క గడిలో గాజు పగిలి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో బొమ్మ చెప్పదు, చదివేవాళ్లే ఊహించుకోవాలి. అమెరికన్ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ఈ సంగతి మీద ఏకంగా ఒక పుస్తకమే బొమ్మల్లో వేశాడు. గడికీ గడికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే పాఠకుడి పని అంతా ఉందంటాడు. కాబట్టి అది చదువే. పైగా ఆ ఖాళీ గురించి "ఇక్కడ ఏమై ఉంటుంది?" అని అడగడానికి ఇంట్లోవాళ్లకు వీలుంటుంది.

ఏవి ఇవ్వాలి?

*ది అరైవల్ (2006).* ఆస్ట్రేలియా చిత్రకారుడు షాన్ టాన్ వేసిన ఈ పుస్తకంలో చదవడానికి మాటలే ఉండవు. ఒకతను భార్యనూ కూతురినీ వదిలి బతుకుతెరువు కోసం తెలియని నగరానికి వెళతాడు. అక్కడి అక్షరాలు అతనికి అర్థం కావు, మనకూ అర్థం కావు. అతని కంగారు మనకే కలుగుతుంది. మాటలు లేవు కాబట్టి ఈ కథను ఏ భాషలోనైనా చెప్పవచ్చు. పన్నెండేళ్ల మనవరాలు, తెలుగు తప్ప వేరే చదవలేని అమ్మమ్మ పక్కపక్కన కూర్చుని చూడదగ్గ పుస్తకం. మన తాత ముత్తాతలు ఈ ఊరు ఎలా వచ్చారన్న మాట దానంతటదే వస్తుంది.

*అమెరికన్ బార్న్ చైనీస్ (2006).* జీన్ లూయెన్ యాంగ్ రాసి, బొమ్మలు వేసిన కథ. అమెరికాలో పుట్టిన చైనా కుటుంబపు పిల్లాడు జిన్, క్లాసులో అందరిలా కనిపించాలని తపిస్తాడు. దానికి జంటగా చైనా పురాణాల్లోని కోతిరాజు కథ నడుస్తుంది. దేవతల విందుకు వెళ్లిన అతన్ని, నువ్వు కోతివే కదా అని గెంటేస్తారు. ఇంటి భాష గురించి స్నేహితుల ముందు సిగ్గుపడే పిల్లలకు ఇది సూటిగా తగులుతుంది. చైనావాళ్లను వెక్కిరించే ఒక పాత్ర ఇందులో కావాలనే ఉంది. అదెందుకుందో పిల్లలతో మాట్లాడాలి.

*భీమాయన (2011).* అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ తమ సంప్రదాయ శైలిలో వేశారు. ఇందులో చదరపు గడులు ఉండవు, వంపులు తిరిగే గీతలే కథను విడదీస్తాయి. దాహమేసినా బడిలో నీళ్లు ముట్టనివ్వని చిన్న భీమరావు కథ ఏ ఊరి పిల్లలకైనా అర్థమవుతుంది. పదమూడేళ్ల నుంచి ఇవ్వవచ్చు.

*పర్సెపొలిస్, మౌస్.* ఈ రెండూ పద్నాలుగు, పదిహేనేళ్లు దాటినవాళ్లకు. మొదటిది మర్జానె సత్రాపి తన ఇరాన్ బాల్యాన్ని నలుపు తెలుపు బొమ్మల్లో చెప్పుకున్నది. రెండోది ఆర్ట్ స్పీగల్‌మన్ తన తండ్రి నాజీల చెర నుంచి బతికి బయటపడిన కథ. ఇందులో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. 1992లో దీనికి ప్రత్యేక పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండింటిలోనూ హింస, చావు ఉన్నాయి. ముందు మీరు చదివి, తర్వాత ఇవ్వండి.

మరి తెలుగు లిపి?

లిపికి పాత దారే మంచిది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ తెలుగుతో పాటు తమిళంలో అంబులిమామగా, మరాఠీలో చాందోబాగా, ఒడియాలో జహ్నమాముగా, కన్నడంలో చందమామగానే వచ్చింది. అచ్చమైన కామిక్స్ కాకపోయినా ప్రతి కథకూ బొమ్మ ఉంటుంది. బేతాళ కథలకు శంకర్ వేసిన బొమ్మలు ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. పాత సంచికలు దొరికితే ఒకే కథను బడి భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివించండి. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరాల దగ్గర తడబడినా విసుగు రాదు. కన్నడం చదివే పిల్లలకు ఇంకా సులువు. రెండు లిపులూ ఒకే మూలం నుంచి వచ్చినవి, సగం అక్షరాలు చూడగానే పోల్చుకుంటారు.

ఇంట్లో ఏం చేయాలి?

పుస్తకం ఇచ్చి వదిలేయకండి, పరీక్షా పెట్టకండి. రాత్రి భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న చాలు: "జిన్ చేసింది తప్పంటావా?" జవాబులో సగం ఇంగ్లీషు ఉంటే ఉండనివ్వండి. "అసూయ", "అవమానం", "మొహమాటం" లాంటి మాట దొరక్క ఆగిపోయినప్పుడు మీరు అందించండి. మధ్యలో ఆపి తప్పులు దిద్దితే మర్నాడు నోరు విప్పరు.

ఖరీదు ఎక్కువనిపిస్తే నాలుగు ఇళ్లవాళ్లు కలిసి తలా ఒకటి కొని మార్చుకోవచ్చు. తెలుగు సంఘం గదిలో ఒక అర చాలు. పిల్లలు తెలుగు మానేస్తున్నారని పండగ సభల్లో ఏటా అనుకుంటూనే ఉన్నాం. వాళ్లకు ముఖ్యమైన సంగతులు తెలుగులో మాట్లాడే అవకాశం ఇస్తే, ఆ మాట అనుకోవాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది.